ఇద్దరు స్పీకర్లు, ఒక రాజు

(న్యాయశాస్త్ర విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు నుంచి రాసినది.)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మిత్రులకు నమస్కారం. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

17వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుకూ పార్లమెంటుకూ మధ్య నడిచిన పోరాటం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ కథ మీ పాఠాల్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొండి రాజు, స్వేచ్ఛ కోరే పార్లమెంటు, అంతర్యుద్ధం, రాజు శిరచ్ఛేదం. అందులో అబద్ధం లేదు. కానీ ఈ రోజు యుద్ధాల వైపు మిమ్మల్ని ఎక్కువగా తీసుకుపోను. పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభలో స్పీకరు కూర్చునే కుర్చీ దగ్గరే మిమ్మల్ని నిలబెడతాను. అక్కడ మూడు ఘటనలు జరిగాయి. 1629లో ఒకటి, 1642లో ఒకటి, 1653లో ఒకటి. ఆ మూడూ సరిగ్గా అర్థమైతే మిగిలిన శతాబ్దం దానంతట అదే అర్థమవుతుంది.

మొదటిది 1629 మార్చి 2. రాజు మొదటి చార్లెస్, స్పీకరు పేరు సర్ జాన్ ఫించ్. సభ మొదలవుతూనే ఆయన లేచి, సభను మార్చి 10కి వాయిదా వేయమని రాజుగారి ఆజ్ఞ అన్నాడు. సభ్యులు ‘కాదు, కాదు’ అని అరిచారు. రాజు వాయిదా అంటున్నాడంటే తరువాతి మాట రద్దు అని వాళ్లకు తెలుసు. స్పీకరు కుర్చీ దిగి వెళ్లిపోతే సభ ముగిసినట్టే. ఫించ్ లేవబోయాడు. అప్పుడు ఇద్దరు సభ్యులు, డెన్జిల్ హోలిస్, బెంజమిన్ వాలెంటైన్, చెరో పక్కన చేరి ఆయనను కుర్చీలోనే అదిమిపట్టారు. మేము లేవాలని అనుకునేదాకా నువ్వు కూర్చోవలసిందే అని దేవుడి మీద ఒట్టు పెట్టి మరీ అన్నాడు హోలిస్. ఒకరు తలుపుకు తాళం వేశారు. బయట రాజదూత తలుపు తడుతున్నాడు.

సర్ జాన్ ఎలియట్ అనే సభ్యుడు మూడు తీర్మానాలు సిద్ధం చేసుకొచ్చాడు. వాటిని సభ ముందు ఓటుకు పెట్టమని ఫించ్‌ను అడిగారు. అప్పుడు ఫించ్ ఏం చేశాడో తెలుసా? ఏడ్చాడు. నిజంగానే, నిండు సభలో కన్నీళ్లు పెట్టుకున్నాడు. ‘చేయనని నేను అనను, చేయడానికి నాకు ధైర్యం చాలదు’ అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. చేయనని అనను, ధైర్యం చాలదు. మళ్లీ ఈ మాట దగ్గరికి వస్తాను.

ఎందుకు చాలలేదు ధైర్యం? ఆ తీర్మానాల్లో అంత ప్రమాదం ఏముంది? ఒకటి మతానికి సంబంధించినది. రోమన్ కాథలిక్ పద్ధతులను గానీ, ఆర్మినియస్ అనే డచ్ మతపండితుడి పేరు మీద వచ్చిన కొత్త సిద్ధాంతాన్ని గానీ చర్చిలోకి తెచ్చేవాడు రాజ్యానికి శత్రువు. మిగిలిన రెండూ డబ్బుకు సంబంధించినవి. పార్లమెంటు మంజూరు చేయని దిగుమతి, ఎగుమతి సుంకాలు వసూలు చేయమని సలహా ఇచ్చేవాడు శత్రువు. తనంతట తాను ఆ సుంకం కట్టే వర్తకుడు ఇంగ్లండు స్వేచ్ఛలకు ద్రోహి.

ఈ సుంకాల సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన విద్యార్థులు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. కొత్త రాజు గద్దె ఎక్కగానే ఓడరేవుల్లో వసూలయ్యే సుంకాలను అతనికి జీవితకాలానికి మంజూరు చేయడం ఇంగ్లండు పార్లమెంటుకు ఎంతో కాలంగా అలవాటు. 1625లో మొదటి చార్లెస్ రాజైనప్పుడు కామన్స్ సభ ఆ అలవాటు తప్పింది. ఒక్క ఏడాదికే ఇస్తామంది. ఆ బిల్లు ఎగువ సభలో, లార్డ్స్ సభలో ఆగిపోయింది. చార్లెస్ ఏం చేశాడు? మంజూరు లేకుండానే వసూలు చేశాడు. అది చాలక మరుసటి ఏడాది నిర్బంధ రుణం అని ప్రజల దగ్గర బలవంతంగా అప్పు తీసుకున్నాడు. ఇవ్వనన్నవాళ్లను జైల్లో పెట్టాడు. అయిదుగురు కులీనులు కోర్టుకు వెళ్లి, మమ్మల్ని ఎందుకు పట్టుకున్నారో కారణం చెప్పండి అని అడిగారు. రాజుగారి ప్రత్యేక ఆజ్ఞ అన్నదే జవాబు. నేరం ఏమిటో చెప్పలేదు, ఆజ్ఞ మాత్రమే ఉంది. వాళ్లకు బెయిలు రాలేదు.

దాని ఫలితమే 1628 నాటి హక్కుల విజ్ఞాపన. ఎడ్వర్డ్ కోక్ వంటి ముసలి న్యాయకోవిదులు దాని వెనక నిలబడ్డారు. పార్లమెంటు సమ్మతి లేకుండా పన్ను వద్దు, కారణం చూపకుండా నిర్బంధం వద్దు, ఇళ్లలో సైనికులను దింపవద్దు, శాంతికాలంలో సైనిక శాసనం వద్దు. చార్లెస్ ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, సుంకాలు దీని కిందకు రావని వాదించాడు. జాన్ రోల్ అనే వర్తకుడు సుంకం కట్టకపోతే అతని సరుకు పట్టుకున్నారు. ఆ రోల్ పార్లమెంటు సభ్యుడు కూడా. 1629 నాటికి సభ ఎందుకు అంత మండిపోయి ఉందో ఇప్పుడు అర్థమైంది కదా?

సరే, మళ్లీ ఆ గదిలోకి వద్దాం. ఫించ్ ఏడుస్తున్నాడు. ఆశ వదులుకున్న ఎలియట్ తన కాగితాన్ని కాల్చేశాడు. హోలిస్ ఆ మూడు తీర్మానాలనూ జ్ఞాపకం నుంచి గట్టిగా చెప్పాడు. సభ కేక వేసి ఆమోదించింది. తలుపు బద్దలు కొట్టడానికి రాజు సైనికులను పంపే లోపల సభ తనంతట తాను వాయిదా వేసుకుంది. మార్చి 10న చార్లెస్ పార్లమెంటును రద్దు చేశాడు. తరువాత పదకొండేళ్లు ఇంగ్లండులో పార్లమెంటు లేదు.

తొమ్మిది మంది సభ్యులను నిర్బంధించారు. సభలో అన్న మాటలకు సభ తప్ప మరే కోర్టూ మమ్మల్ని విచారించడానికి వీల్లేదు అని ఎలియట్ వాదించాడు. ఆ ఒక్క వాదన తప్ప ఇంకేమీ చెప్పనన్నాడు. రాజుకు విధేయుణ్నని ఒక్క క్షమాపణ పత్రం రాసిస్తే బయటికి వచ్చేవాడు. రాయలేదు. లండన్ టవర్‌లో క్షయతో కృశించి 1632 నవంబరులో చనిపోయాడు. తండ్రి శవాన్ని సొంత ఊరికి, కార్న్‌వాల్‌కు తీసుకుపోనివ్వమని కొడుకు వేడుకుంటే, చనిపోయిన చోటే, ఆ ప్రాంతపు చర్చిలోనే పూడ్చండి అని రాజు జవాబు. చార్లెస్‌ను నేను రాక్షసుడు అనను. భార్యను, పిల్లలను ప్రేమించినవాడు, చిత్రకళ తెలిసినవాడు, మరణం ఎదుట చలించనివాడు. కానీ ఈ ఒక్క జవాబు చదివినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఎందుకు దాచాలి? మండుతుంది.

వాలెంటైన్, మరో సభ్యుడు విలియం స్ట్రోడ్, వీళ్లిద్దరూ 1640 దాకా జైల్లోనే ఉన్నారు. సభలో కుర్చీ పట్టుకున్నందుకు, మాట్లాడినందుకు, పదకొండేళ్లు.

మరి ఫించ్ ఏమయ్యాడు? ఆయనకు పైకి వెళ్లే దారి దొరికింది. 1634లో ప్రధాన న్యాయమూర్తుల్లో ఒకడయ్యాడు. సరిగ్గా ఆ ఏడాదే చార్లెస్ ఓడల పన్ను మొదలుపెట్టాడు. సముద్ర తీర ప్రాంతాలు యుద్ధ సమయంలో రాజుకు ఓడలు సమకూర్చడం పాత ఆచారం. చార్లెస్ యుద్ధం లేకుండా అడిగాడు, మరుసటి ఏడాది అయితే, సముద్రం ఎలా ఉంటుందో కూడా తెలియని లోపలి జిల్లాలనూ అడిగాడు. ఓడ బదులు డబ్బు ఇవ్వమన్నాడు. బకింగ్‌హామ్‌షైర్‌లోని జాన్ హ్యాంప్‌డెన్ అనే భూస్వామి కట్టనన్నాడు. ఆయన మీద కేసు నడిచింది ఎంత మొత్తానికో తెలుసా? 20 షిల్లింగులు. ఒక్క పౌను. ఆయనకు అది లెక్కలోనిది కాదు. 12 మంది న్యాయమూర్తులు విచారించారు. 1638లో తీర్పు వచ్చింది, 7 మంది రాజు పక్షం, 5 మంది హ్యాంప్‌డెన్ పక్షం. ఆ ఏడుగురిలో ఫించ్ ఉన్నాడు. రాజ్య రక్షణలో రాజుకున్న అధికారాన్ని తీసివేసే పార్లమెంటు చట్టం ఏదైనా చెల్లదు అన్నాడు. తొమ్మిదేళ్ల కిందట ధైర్యం చాలక ఏడ్చిన మనిషి! రాజు వెనక ఉన్నప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో చూడండి.

ఇక్కడ ఒక్క నిమిషం మన తీరానికి వస్తాను, ఎందుకంటే ఆ సంవత్సరాల్లో ఇంగ్లీషు వర్తకులు మన దగ్గరే ఉన్నారు. మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం 1611 నుంచే ఉంది. నెల్లూరు తీరంలో దుగరాజపట్నం దగ్గర 1626లో మరొకటి పెట్టారు. దామెర్ల నాయకుల దగ్గర మద్రాసు స్థలం పొందింది 1639లో. అంటే చార్లెస్ పార్లమెంటు లేకుండా పాలిస్తున్న రోజుల్లోనే. ఆ పాలన సెగ కంపెనీకీ తగిలింది. కంపెనీకి ఏకస్వామ్యం ఇచ్చిన రాజే, డబ్బు కోసం 1635లో కోర్టీన్ అనే వర్తకుడి బృందానికి ఇటు వచ్చి వ్యాపారం చేయడానికి అనుమతి ఇచ్చాడు. 1640లో మరీ విడ్డూరం. కంపెనీ గోదాముల్లోని మిరియాలు సుమారు 63 వేల పౌన్లకు అరువు మీద కొని, అంతకన్నా తక్కువకు రొక్కానికి అమ్ముకున్నాడు. ఒక దేశపు రాజు, పార్లమెంటును పిలవడం ఇష్టంలేక, మిరియాలు అరువు తెచ్చి నష్టానికి అమ్ముకునే స్థితికి వచ్చాడు.

ఎందుకంత అవసరం వచ్చింది? స్కాట్లండు. 1637లో అక్కడి చర్చిల మీద కొత్త ప్రార్థనా గ్రంథం రుద్దాడు. ఎడిన్‌బరోలో అల్లర్లు, ఆపై దాన్ని ఎదిరిస్తామని స్కాట్లు సంతకాలు చేసిన ప్రతిజ్ఞాపత్రం, ఆపై యుద్ధం. యుద్ధానికి సైన్యం కావాలి, సైన్యానికి జీతాలు కావాలి. 1640 ఏప్రిల్‌లో పార్లమెంటును పిలిచి, మాట వినలేదని మూడు వారాల్లో రద్దు చేశాడు. స్కాట్ల చేతిలో ఓడి, నవంబరులో మళ్లీ పిలవక తప్పలేదు. ఈసారి అతను రద్దు చేయలేకపోయాడు. అదే దీర్ఘ పార్లమెంటు.

ఫించ్ మీద అభియోగం మోపారు. అప్పటికి రాజముద్ర సంరక్షకుడై ఉన్న ఆయన డిసెంబరులో హాలండుకు పారిపోయాడు. ఓడల పన్ను చట్టవిరుద్ధమన్నారు. రాజు తన ప్రత్యర్థులను శిక్షించడానికి వాడుకున్న స్టార్ ఛాంబర్ కోర్టును ఎత్తేశారు. రాజు కుడిభుజం స్ట్రాఫర్డ్‌కు 1641 మేలో మరణశిక్ష అమలైంది. అదే నెలలో ఇంకొక చట్టం వచ్చింది, దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఈ పార్లమెంటును దాని సమ్మతి లేకుండా రద్దు చేయకూడదు, వాయిదా వేయకూడదు. చార్లెస్ దాని మీద సంతకం పెట్టాడు. నన్నడిగితే 17వ శతాబ్దం మొత్తంలో ఆ రాజు పెట్టిన అతి ముఖ్యమైన సంతకం అదే.

ఇప్పుడు రెండో ఘటన. 1642 జనవరి 4. అయిదుగురు సభ్యుల మీద రాజద్రోహ నేరం మోపి, వాళ్లను పట్టుకోవడానికి చార్లెస్ స్వయంగా బయలుదేరాడు. జాన్ పిమ్, హ్యాంప్‌డెన్, హేసెల్‌రిగ్, హోలిస్, స్ట్రోడ్. ఈ పేర్లు విన్నారా? కుర్చీలో ఫించ్‌ను అదిమిపట్టిన హోలిస్ ఇతనే. పదకొండేళ్లు జైల్లో ఉన్న స్ట్రోడ్ ఇతనే. రాజు ఏమీ మరచిపోలేదు, వాళ్లూ మరచిపోలేదు.

సుమారు 400 మంది సాయుధులు వెంట వచ్చారు. వాళ్లు బయట ఆగారు, తలుపు మాత్రం తెరిచే ఉంచారు, లోపలివాళ్లకు కనిపించాలి కదా. ముందుగా కబురందిన అయిదుగురూ పడవెక్కి లండన్ నగరంలోకి వెళ్లిపోయారు. చార్లెస్ టోపీ తీసి లోపలికి నడిచాడు. సభ్యులందరూ టోపీలు తీసి నిలబడ్డారు. స్పీకరు కుర్చీ దగ్గరికి వెళ్లి, మీ కుర్చీ కాసేపు తీసుకుంటాను అన్నాడు. పిమ్ ఉన్నాడా? ఎవరూ పలకలేదు. హోలిస్ ఉన్నాడా? ఎవరూ పలకలేదు. అప్పుడు స్పీకరు వైపు తిరిగి, వాళ్లు ఎక్కడ అని అడిగాడు.

ఆ స్పీకరు విలియం లెంథాల్. ఆయన మోకాళ్ల మీద కూర్చున్నాడు. కూర్చుని ఇలా అన్నాడు. ‘నేను ఈ సభకు సేవకుణ్ని. సభ నిర్దేశిస్తే తప్ప ఇక్కడ చూడటానికి నాకు కళ్లు లేవు, మాట్లాడటానికి నాలుక లేదు.’ క్షమించమని కూడా రాజును వేడుకున్నాడు. చార్లెస్ చుట్టూ చూసి, పక్షులన్నీ ఎగిరిపోయాయి అన్నాడు. వెనుతిరిగి వెళుతుంటే ‘సభా హక్కు, సభా హక్కు’ అని కేకలు.

లెంథాల్ గొప్ప ధైర్యశాలి అని మీరు అనుకుంటున్నారు. నేనూ విద్యార్థిగా ఉన్నప్పుడు అలాగే అనుకునేవాణ్ని. కానీ ఆయన సమకాలికులు ఆయనను పిరికివాడనే రాశారు. మరి ఫించ్ ఏడ్చిన చోట, లెంథాల్ ఆ మాట ఎలా అనగలిగాడు? ఇద్దరూ న్యాయవాదులే, ఇద్దరూ రాజంటే భయపడేవాళ్లే. తేడా ఎక్కడుంది? 1629లో రాజు ఒక్క మాటతో సభను లేకుండా చేయగలడు. ఫించ్ వెనక నిలబడిన సభ రేపటికి ఉండదు, ఉండేది రాజు ఒక్కడే. 1642లో రాజు ఆ పని చేయలేడు, తన సంతకమే అడ్డం. లెంథాల్ వెనక ఉన్న సభ రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. ఆ ధైర్యం లెంథాల్ గుండెలోంచి పుట్టినది కాదు, 1641 మే నాటి చట్టంలోంచి వచ్చినది. ఈ రోజు నేను మీకు చెప్పదలచినది ఇదే.

ఆరు రోజులకు చార్లెస్ లండన్ విడిచి వెళ్లాడు. మళ్లీ తిరిగి వచ్చింది తన విచారణకే. ఆగస్టులో నాటింగ్‌హామ్‌లో యుద్ధ పతాకం ఎత్తాడు. ఎడ్జ్‌హిల్, మార్‌స్టన్ మూర్, 1645లో నేజ్‌బీ. ఈ యుద్ధాలు, చివరికి రాజు ఓటమి, మీరు చదువుకున్నవే.

కానీ పార్లమెంటును దేవతను చేయకండి. దానిలో కూర్చున్నవాళ్లు భూస్వాములు, వర్తకులు, న్యాయవాదులు. 1647లో లండన్ దగ్గరి పట్నీ చర్చిలో పార్లమెంటు సైన్యంలోని సైనికుల ప్రతినిధులు, ఇంగ్లండులో అతి పేదవాడికి కూడా గొప్పవాడిలాగే బతుకు ఉంది, ఓటు ఉండాలి అన్నప్పుడు, ఆస్తి లేనివాడికి ఓటెలా ఇస్తామని సైన్యాధికారి ఐర్టన్ ఎదురు తిరిగాడు. 1648 డిసెంబరులో కర్నల్ ప్రైడ్ సభ గుమ్మంలో నిలబడి, రాజుతో రాజీ కోరే సభ్యులను లోపలికి రానివ్వలేదు. మిగిలిన సభ పెట్టిన కోర్టు ముందు చార్లెస్, ఏ అధికారంతో నన్ను విచారిస్తున్నారు అని అడిగాడు. న్యాయంగా మాట్లాడితే ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు లేదు. 59 మంది సంతకాలతో మరణశిక్ష. 1649 జనవరి 30. చలికి వణికితే భయమనుకుంటారని రెండు చొక్కాలు వేసుకుని వచ్చాడు.

మూడో ఘటన 1653 ఏప్రిల్ 20. ఈసారి వచ్చింది రాజు కాదు, ఆలివర్ క్రామ్‌వెల్. పార్లమెంటు సైన్యానికి విజయాలు తెచ్చినవాడే తుపాకీ సైనికులను సభలోకి పిలిచాడు. కుర్చీలో అదే లెంథాల్. బలవంతం చేస్తే తప్ప దిగనన్నాడు. సేనాని హారిసన్ చెయ్యి పట్టుకుని దించాడు. సభ అధికారానికి గుర్తైన దండాన్ని చూపించి ఈ ఆటవస్తువును తీసేయండి అన్నాడు క్రామ్‌వెల్. చార్లెస్ వందలమందితో వచ్చి సాధించలేనిది ఈయన ఒక్క ఉదయంలో సాధించాడు. చట్టం ఏమైంది? అదే చట్టం, 1641 మే చట్టం, అప్పటికీ ఉంది. కానీ దాన్ని కాపాడవలసిన కత్తే దాని మీదకు తిరిగింది. కాగితం మీది చట్టానికి ఎదురుగా నిలబడినది ఈసారి దాని సొంత సైన్యం.

1660లో రాజరికం తిరిగి వచ్చింది. రెండో చార్లెస్ గద్దె ఎక్కాడు. తండ్రికి మరణశిక్ష వేసినవాళ్ల మీద విచారణలు. థామస్ స్కాట్ అనే సభ్యుడు ఆ శిక్షను సమర్థిస్తూ సభలో మాట్లాడాడని సాక్ష్యం చెప్పడానికి ఒక ముసలి మనిషి కోర్టుకు వచ్చాడు. ఎవరో ఊహించగలరా? లెంథాల్! సభలో చూడటానికి కళ్లు లేవు, మాట్లాడటానికి నాలుక లేదు అన్న ఆ లెంథాలే, సభలో విన్న మాటలను కోర్టులో చెప్పాడు. స్కాట్‌కు మరణశిక్ష అమలు చేశారు. లెంథాల్‌ను తిట్టబుద్ధేస్తుంది. కానీ 1660లో ఆ ముసలివాడి వెనక ఏ సభ ఉంది? ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడు లెంథాల్ ఫించ్‌లా అయిపోయాడు.

హోలిస్ కథ వేరు. ఆయన రాజును చంపడానికి ఒప్పుకోలేదు, రాజరికం తిరిగి రావాలని కోరినవాళ్లలో ఉన్నాడు, లార్డ్ అయ్యాడు. అయినా 1629ను మరచిపోలేదు. తన మీద, ఎలియట్ మీద, వాలెంటైన్ మీద అప్పటి కోర్టు ఇచ్చిన తీర్పు తప్పని లార్డ్స్ సభ ముందు పట్టుబట్టాడు. 1668లో లార్డ్స్ సభ ఆ తీర్పును కొట్టేసింది. ఎలియట్ చనిపోయి అప్పటికి ముప్ఫై ఆరేళ్లు.

ఆ తరువాత రెండో జేమ్స్, 1688లో అతని పలాయనం, ఆరెంజ్ విలియం రాక, ఇవన్నీ మీరు ప్రశ్నల్లో అడగండి, చెబుతాను. 1689 నాటి హక్కుల చట్టంలో తొమ్మిదో అంశం మాత్రం ఇప్పుడే చెప్పాలి. పార్లమెంటులో మాట్లాడే స్వేచ్ఛను, అక్కడి చర్చలను పార్లమెంటు బయట ఏ కోర్టులోనూ ప్రశ్నించకూడదు. ఎలియట్ టవర్‌లో కూర్చుని చెప్పిన ఒకే ఒక్క వాదన అక్షరాలా అదే.

మన రాజ్యాంగంలో 105వ అధికరణం తెరవండి. సభలో అన్న మాటకు గానీ వేసిన ఓటుకు గానీ ఏ సభ్యుడినీ కోర్టుకు ఈడ్చకూడదు. రాష్ట్ర శాసనసభలకు 194వ అధికరణం అదే రక్షణ ఇస్తుంది. 265వ అధికరణం, చట్టం లేకుండా పన్ను లేదంటుంది, అందులో హ్యాంప్‌డెన్ 20 షిల్లింగులు ఉన్నాయి.

105లోని ఆ రక్షణ మీద మన సుప్రీంకోర్టులో పెద్ద వివాదమే నడిచింది. డబ్బు తీసుకుని ఓటేసిన సభ్యుడికి కూడా అది వర్తిస్తుందని 1998లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీతో చెప్పింది. ఎలియట్ ప్రాణం పెట్టి కొన్న కవచాన్ని లంచం దాచుకునే సంచిగా వాడుకోవచ్చా? 2024 మార్చిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ఆ తీర్పును తిరగరాసింది. లంచానికి ఆ రక్షణ లేదంది. ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చదివాక 1629 మార్చి 2 గురించి మీకు కొత్త ప్రశ్నలు వస్తాయి. ఇప్పటికే వచ్చినవి ఉంటే అడగండి, నాకు సమయం ఉంది.